పదిహేను లెగ్గింగులు, ఒక చీర

నూజివీడు పెద్ద బజారు పక్క సందులో ఉన్న కామేశ్వరి మ్యాచింగ్ సెంటరుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. ఏదో గాలివానకి పడిపోతే మళ్ళీ పెట్టించలేదు, పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. ముసునూరు బస్సు దిగినా, ఆగిరిపల్లి ఆటో దిగినా, చంకలో చీర కవరుతో కనిపించిన ఆడమనిషికి దారినపోయేవాళ్ళే ఆ సందు చూపించేస్తారు.

జాకెట్టు ముక్కలు, లోపలి లంగాలు, ఫాల్సు, హుక్కులు, దారపు రీళ్ళు. కొట్టులో ఉన్న సరుకంతా ఇంతే. అసలు సరుకు కామేశ్వరి కళ్ళు. చీర కవరులోంచి పూర్తిగా బయటికి రాకముందే ఆవిడ చెయ్యి సరైన అర మీదకి వెళ్ళిపోయేది. ట్యూబులైటు వెలుతురులో చూసుకుని బాగుందంటే ఒప్పుకోదు. చీరనీ లంగానీ గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఎండలో పట్టి, మూతి ఒక పక్కకి తిప్పి చూస్తుంది. వెంట్రుకవాసి తేడా కనిపించినా అమ్మదు. "ఎల్లుండి రండమ్మా, తెప్పిస్తాను. నేను కట్టుకోనిది మీకు కట్టబెట్టను" అంటుంది. ఈ మాట మీద ఊళ్ళో ఆవిడకి మంచి పేరుంది. ఆ పేరు తనకుందని ఆవిడకీ బాగా తెలుసు. యాభై ఆరేళ్ళ మనిషికి ఆపాటి గర్వం ఉంటే తప్పేముంది లెండి.

అలాంటి కామేశ్వరిని లెగ్గింగు చిక్కుల్లో పడేసింది ఆవిడ పదో తరగతి స్నేహితురాళ్ళే.

వాళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ఒకే బ్యాచి. పదహారు మంది మళ్ళీ దొరికి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున్నే పువ్వులూ దేవుళ్ళూ, సాయంత్రం మోకాళ్ళ నొప్పులకి చిట్కాలూ, ఏడాదికొకసారి కలయిక. కలయిక అంటే మన వైపు అందరికీ ఒకే చీర ఉండాలి కదా, కిందటేడు అందరూ నెమలికంఠం రంగు సిల్కు చీరలు కట్టుకొచ్చారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ తర్వాత చిన్న రసాలు తెచ్చి ముందు పెట్టారు. రసం పండుని చెంచాతో తినేవాళ్ళెవరూ ఈ చుట్టుపక్కల పుట్టలేదు. పిసికి, ముచ్చిక తీసి, నోట్లో పెట్టుకోవడమే. మోచేతుల దాకా కారిన రసం పైటల మీదా కుచ్చిళ్ళ మీదా పడి పదహారు చీరలూ పాడయ్యాయి. మామిడి మరక పోదు. పోతుందని చెప్పే సబ్బుల వాళ్ళు పోగొట్టి చూపించాలి.

అందుకని ఈ ఏడు కలయిక ఒక ఆదివారం, ముసునూరు దగ్గర, ఆ బ్యాచిలోనే ఉన్న తులసమ్మ మామిడి తోటలో అనుకోగానే లీదియా గ్రూపులో ఆడియో పెట్టింది. లీదియా హనుమాన్ జంక్షన్‌లో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. మాట గట్టిగా, సూటిగా ఉంటుంది. "ఈసారి చీరల్లేవు. టాపు, లెగ్గింగు. ఉతికి ఆరేసుకోవచ్చు, తోటలో నడవొచ్చు. బట్టలన్నీ కామేశ్వరి చూసుకుంటుంది" అంది.

 ముందు ఒకావిడ నవ్వే బొమ్మ పెట్టింది. ఇంకొకావిడ "మా కోడలు వేసుకుంటుంది, నేనెప్పుడూ వేసుకోలేదు" అంది. "నడుం దగ్గర పడుతుందా?" అని మరొకావిడ. ఆ ప్రశ్నతో సగం మంది ఒప్పుకున్నట్టే అయింది. రంగేమిటన్న దగ్గర మాత్రం పేచీ రాలేదు. మామిడి తోట కాబట్టి బంగినపల్లి పసుపు.

కామేశ్వరి చీర కట్టుకున్నంత తేలిగ్గా ఆ పని చేసేసింది. పసుపు రంగు టాపు నమూనా ఒకటి తెప్పించింది. దాన్ని గుమ్మంలో ఎండలో పట్టుకుని, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, సరిగ్గా అదే పసుపులో, వెంట్రుకవాసి తేడా లేకుండా లెగ్గింగు పట్టింది. గుడ్డ పల్చనిది తీసుకుంది. లోపలి లంగా పల్చగా ఉంటేనే కదా చీర ఒంటికి అమరుతుంది!

డ్యూటీ దిగి లీదియా కొట్టుకొచ్చి, వెనక తెర వేసుకుని ఆ జత తొడుక్కుంది. బయటికొచ్చి నిలువుటద్దంలో చూసుకుంది.  పక్కకి తిరిగి చూసుకుంది, వెనక్కి తిరిగి చూసుకుంది.

"ఏంటే ఇది? మెడ దగ్గర మొదలైన పసుపు మడమల దాకా ఎక్కడా ఆగలేదు. కామెర్లొచ్చిన పేషెంటులా ఉన్నాను."

"మ్యాచింగ్ అంటే అదేనే మరి."

"మ్యాచింగే, కాదన్లేదు. ఇటు గుమ్మంలోకి రా. వెలుతుర్లో చూడు, నా మోకాళ్ళు బజారంతటికీ నమస్కారం పెడుతున్నాయి!"

కామేశ్వరి చూసింది. నిజమే. గుడ్డ అద్దంలా ఉంది. పదహారు మంది ఈ వేషంలో వరసగా నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకుంది. చెట్టు కింద రాలిన పండ్ల రాశి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. నవ్వొచ్చింది గాని, వెంటనే భయమూ వేసింది. ఇన్నేళ్ళ పేరు ఈ ఒక్క ఆదివారంతో పోతుందేమోనని మొదటిసారి అనిపించింది.

రెండు రోజులు అన్నం సహించలేదు. ఆవిడ భర్త సుభాష్ స్థిమితమైన మనిషి, వీధి మొదట్లో ఎరువుల కొట్టులో గుమాస్తా. "లెగ్గింగుల కోసం పస్తులేంటోయ్?" అని ఒకసారి అడిగి, కొట్టుకి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఎవరో పసుపు రంగు చీరకి ఫాల్ కుట్టమని ఇచ్చిపోయారు. ముదురు ఆకుపచ్చ అంచు. కామేశ్వరి అంచుని ఒడిలోకి లాక్కుని గుండుసూదులు గుచ్చుతూ కూర్చుంది. సగం గుచ్చాక చెయ్యి ఆగింది. ఆ చీర అందమంతా ఎక్కడుంది? ఒళ్ళంతా లేత రంగు, కింద ముదురు అంచు. ఆ అంచు లేకపోతే చీర తేలిపోతుంది. అంచే దాన్ని కిందికి దించి నిలబెడుతోంది. పల్చటి అంచు ఎవరైనా నేస్తారా? అంచెప్పుడూ మందమే. అంచుని దాచుకోరు, అందరికీ కనపడాలనే వేస్తారు.

"ఓసి నా బుర్రా!" అనుకుంది గట్టిగానే. తను లెగ్గింగుని లంగాలా చూసింది. అది లంగా కాదు, అంచు.

ఆ సాయంత్రమే గ్రూపులో ఆడియో పెట్టి, వీలున్నవాళ్ళందర్నీ కొట్టుకి పిలిచింది. ఇక చూడండి ఆవిడ హడావుడి. మనిషిని బట్టి అంచు ఎంచింది. పొట్టిగా, బొద్దుగా ఉన్నావిడకి సీసా ఆకుపచ్చ, పొడుగావిడకి మెరూన్, చామనఛాయ మొహం వెలిగేలా ఇంకొకావిడకి ముదురు నీలం. టాపు పసుపు అందరికీ ఒకటే, అంచులు మాత్రం ఎవరివి వాళ్ళవి. గుడ్డని తన అరచేతి మీద సాగదీసి పట్టి చూపించింది. "చేతి గీతలు కనపడితే ఆ గుడ్డ మనకొద్దు. ఎంత చవకైనా వద్దు. మందంగా, సాగేది తీసుకుందాం" అంది. టాపు మోకాలు దాటాలంది. పక్క చీలిక తొడ దగ్గర మొదలైతే ఒప్పుకోనని, నాలుగు వేళ్ళ మేర తనే కూర్చుని కుట్టేసింది. మడమ దగ్గర రెండు మడతలు చాలు, గాజుల్లా డజను మడతలు పెట్టుకుంటే కాలు పొట్టిగా కనపడుతుందని చెప్పింది. బాత్రూము చెప్పులేసుకొచ్చినవాళ్ళని తోట గేటు దగ్గరే ఆపేస్తానని బెదిరించింది.

"చున్నీ ఉండాలా?" అని తులసమ్మ అడిగింది. తులసమ్మ పెద్ద రైతు బసవపున్నారావు గారి భార్య. ఇంట్లో ఇరవై మంది కూలీలకి వండించి పెట్టే మనిషి, ఈ విషయంలో మాత్రం చిన్నపిల్లలా బెదిరిపోయి ఉంది.

"ఇష్టమైతే ఒక భుజాన పిన్ను పెట్టుకో. దుప్పటిలా చుట్టుకోకు. ఇంకొక్క మాట వినండే అందరూ. వేసుకునేటప్పుడు ఒకసారి సర్దుకోండి, తర్వాత చెయ్యి పెట్టకండి. టాపు కిందికి లాక్కుంటూ వంగి నడిచారో, ఎంత మంచి గుడ్డయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. నిటారుగా నడవండి."

"మరి నీదే రంగు?" అంది లీదియా.

"నా సంగతి తర్వాత" అంది కామేశ్వరి.

తర్వాత అంటే ఎప్పుడూ కాదని ఆవిడ అప్పటికే తేల్చుకుంది. కారణం చెప్పుకోవడానికి సిగ్గు గాని, ఉన్నదే చెప్పాలి. ఆవిడవి సన్నటి కాళ్ళు. ఓణీలు వేసుకునే వయసులో వాళ్ళమ్మ ఒకనాడు చుట్టాల ముందు, "లంగా ఇంకాస్త దించుకోవే, పుల్లల్లాంటి కాళ్ళూ నువ్వూ" అంది. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు, మన ఇళ్ళల్లో ప్రేమగా అనే మాటలు అలాగే ఉంటాయి. అయినా ఆ మాట ఎక్కడికీ పోలేదు. ఆనాటి నుంచి కామేశ్వరి కుచ్చిళ్ళు నేలని ఊడుస్తూనే ఉన్నాయి. చీర అంచులు నెలకే అరిగిపోతాయి, అయినా ఒక్క అంగుళం పైకి కట్టలేదు. వయసుతో పాటు నడుం, భుజాలు నిండాయి. కాళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. అందర్నీ తీర్చిదిద్దొచ్చు, తనని తను అద్దం ముందు నిలబెట్టుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

ఆదివారం పొద్దున తోటకి బయల్దేరేటప్పుడు కామేశ్వరి తన బీరువాలోని పసుపు చీరే కట్టుకుంది, ఆకుపచ్చ అంచుది. రంగు కలిసింది కదా, ఎవరేం అంటారు అనుకుంది. కొలతలు తప్పుతాయేమోనని అదనపు జతలు కొన్ని సంచిలో వేసుకుంది. ఎంతైనా వ్యాపారస్తురాలు.

తోటలో రెండు గదుల ఇల్లుంది. కోతల రోజుల్లో తులసమ్మ అక్కడే వండిస్తుంది. ఎవరి ఊళ్ళోంచి వాళ్ళు ఆటోల్లో, బస్సుల్లో వచ్చారు, అందరూ చీరల్లోనే. లెగ్గింగులు సంచుల్లో ఉన్నాయి. సొంత వీధిలో వేసుకు నడిచే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. ఇక్కడికొచ్చి మార్చుకుందామని అందరూ ఎవరికి వాళ్ళే అనుకున్నారు. లీదియా మొదట లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

అప్పుడు తులసమ్మ కామేశ్వరి వైపు తిరిగింది.

"నీ సంచి ఏదే? నువ్వూ వెళ్ళు, రెండో గది ఖాళీగానే ఉంది."

"నేను మార్చుకోనే. నాకు చీరే బాగుంటుంది."

"అదేంటి?"

"రంగు కలిసిందిగా. ఫొటోలో తేడా తెలీదులే."

తులసమ్మ తన చేతిలోని సంచి అరుగు మీద పెట్టేసింది. "నీకు సిగ్గయితే మాకు లేదా? అటు చూడు, మా పాలేళ్ళున్నారు, కాయ కోసేవాళ్ళున్నారు. మా ఆయన మధ్యాహ్నం భోజనానికొస్తారు. నీ మాట మీదే కదే నేను ఇంతదాకా వచ్చాను! నువ్వు కట్టుకోనిది మాకు కట్టబెట్టావా?" అంది. కోపంగా కాదు, నొచ్చుకుంది.

ఒకావిడ సంచి జిప్పు వేసేసింది. ఇంకొకావిడ, "అవునే, చీరల్లోనే కానిచ్చేద్దాం, ఇప్పుడీ వయసులో ఎందుకొచ్చింది" అంది. జిప్పుల చప్పుడు వరసగా వినిపించింది.

సరిగ్గా ఆ సమయానికి లీదియా తలుపు తీసుకుని వచ్చింది. పసుపు టాపు, మెరూన్ లెగ్గింగు, కాళ్ళకి కొత్త చెప్పులు, ఒక భుజాన చున్నీ. నిటారుగా, నవ్వుతూ, "ఎలా ఉన్నానే?" అంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఎదురుగా అందరూ చీరల్లో ఉన్నారు, సంచులు మూసేసి ఉన్నాయి. లీదియా నవ్వు మెల్లగా వాడిపోయింది. చెయ్యి దానంతట అదే టాపు అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నన్నొక్కదాన్నే బొమ్మని చేశారేంటే?" అంది. ఎప్పుడూ వార్డంతా వినపడే గొంతు, పక్కవాళ్ళకి కూడా సరిగా వినపడలేదు.

టాపు లాక్కుంటున్న ఆ చెయ్యి మీదే కామేశ్వరి చూపు ఆగిపోయింది. లీదియా చాలా బాగుంది. అందులో సందేహం లేదు. అంత బాగున్న మనిషి నలుగురి ముందూ ముడుచుకుపోయి నిలబడటానికి కారణం తనే, తన భయమే. వాళ్ళమ్మ ఎప్పుడో అన్న ఒక్క మాటని తను ఇన్నేళ్ళు మోసింది చాలక, ఇవాళ తెచ్చి లీదియా నెత్తిన పెట్టింది.

ఇంకేమీ ఆలోచించలేదు. సంచిలోంచి అదనపు జత ఒకటి, తన కొలతకి సరిపడేది లాక్కుని రెండో గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ గదిలో అద్దం అరచేతిలో పట్టేంత ఉంది, మొహం తప్ప ఏమీ కనపడదు. అదీ మంచిదే అయింది. ముదురు ఆకుపచ్చ లెగ్గింగు ఎక్కించుకుంది. మడమ దగ్గర రెండు మడతలు పెట్టుకుంది. టాపు మోకాలు దాటింది. చున్నీకి పిన్ను పెట్టుకుంది. ఒకసారి సర్దుకుంది. రెండోసారి సర్దుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చీర విప్పేసిన ఒళ్ళు మరీ తేలిగ్గా అనిపించి, కాసేపు ఏదో మర్చిపోయినట్టే ఉంది. తలుపు తీసింది.

అందరూ ఇటే తిరిగారు. కామేశ్వరి నిటారుగానే నిలబడింది గాని కళ్ళు మాత్రం ఎత్తలేకపోయింది.

తులసమ్మ ముందుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని, కింది నుంచి పైకి తీరిగ్గా చూసింది.

"ఓసి నీ దుంపతెగ! నీకు కాళ్ళున్నాయే! ఇన్నాళ్ళూ చీర కింద చక్రాలున్నాయేమో అనుకున్నాను!"

ముందు లీదియా నవ్వింది, ఆ వార్డు గొంతుతో. తర్వాత అందరూ. అందరికంటే ఆఖర్న, అందరికంటే ఎక్కువసేపు కామేశ్వరి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వాటిలో కొన్ని నవ్వు వల్ల వచ్చినవి కావు. కాళ్ళు సన్నమా లావా అని అక్కడ ఒక్కరు కూడా చూడలేదు. లీదియా వచ్చి ఆవిడ భుజం మీద చున్నీ మడత సరిచేసి, "ఇలా చేసేముందు మాకు గుండెపోటు తెప్పించాలేంటే?" అని మాత్రం అంది.

తర్వాత రెండు గదులూ చాల్లేదు. వంటింట్లో కూడా మార్చుకున్నారు. అందరికంటే ఆఖర్న బయటికొచ్చిన తులసమ్మ, కాయలు ఏరుతున్న అచ్చమ్మ ముందు నుంచి బింకంగా నడవబోయింది. అచ్చమ్మ చీర మీద మగవాళ్ళ చొక్కా, చీర కింద కూతురి పాత లెగ్గింగు వేసుకుని ఉంది, కోత కూలీలంతా వేసుకునేదే. "బాగుందమ్మగారూ. మేం రోజూ వేసేదేగా, లేకపోతే చీమలు ఊరుకోవు" అని మళ్ళీ కాయల మీదకి వంగింది. అంతటితో తులసమ్మ బెరుకు సగం పోయింది. మధ్యాహ్నం భోజనానికొచ్చిన బసవపున్నారావు గారు అరుగు మీద కూర్చుని, "పులుసులో ఉప్పు తగ్గింది" అన్నారు. మిగతా సగం దాంతో పోయింది.

భోజనాలయ్యాక రసాలొచ్చాయి. ఎవరూ పైట దోపుకోలేదు, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోలేదు. మోచేతులు కారుతున్నా లెక్కచేయకుండా చెట్ల కింద పడి తిన్నారు. తోటకి నీళ్ళు పారే బోదె ఒకటి అడ్డొస్తే, మామూలుగా పలక వేసిన చోటికి చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళే. కామేశ్వరి ఒక్క అంగ వేసి దాటేసింది. దాటాక గాని అలా దాటగలనని తెలియలేదు. వెనక్కి తిరిగి ఒకసారి కాళ్ళ వంక చూసుకుంది. అవి ఆవిడకి నచ్చాయి. ఎవరూ చూడకుండా మళ్ళీ ఇవతలికి దూకి, మళ్ళీ అవతలికి దూకింది.

ఎండ తగ్గాక సుభాష్ స్కూటరు మీద వచ్చి గేటు దగ్గర ఆగాడు. నడిచొస్తున్న ఆడవాళ్ళలో పసుపు చీర కోసం వెతుకుతున్నాడు. కామేశ్వరి దగ్గరకొచ్చి నిలబడినా ఇంకా అటే చూస్తున్నాడు.

"ఏవండీ, ఎవరి కోసం?"

అతను కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "బాగోలేదా?" అని అడగబోయి ఆవిడ మానేసింది.

"బాగుంది కదా?" అంది.

"బాగుందోయ్. నువ్వేనా అని చూస్తున్నా" అన్నాడు సుభాష్.

పెళ్ళయిన ఈ ముప్పై అయిదేళ్ళలో వాళ్ళకి స్కూటర్లు మూడు మారాయి. మూడిటి మీదా కామేశ్వరి ఒక పక్కకి తిరిగే కూర్చుంది. ఎక్కడికి వెళ్ళినా రోడ్డుకి ఎడమ చేతి వైపున ఉన్నవే చూసింది. ఇవాళ ఆయన భుజం పట్టుకుని, కాలు అవతలికి వేసి, ఎదరకి తిరిగి కూర్చుంది. బండి కాస్త ఊగి నిలబడింది.

"సరిగ్గా కూర్చున్నావా?"

"కూర్చున్నాను, పోనివ్వండి."

ఊరు దాటగానే, ఆయన తల పక్క నుంచి నూజివీడు వెళ్ళే రోడ్డంతా కనపడింది, రెండు వైపులా తోటలతో.

"ఏవండీ" అంది కామేశ్వరి. "కాస్త నిదానంగా పోనివ్వండి. ఈ రోడ్డు నేనెప్పుడూ చూళ్ళేదు."